రోజుకు రెండు డాలర్లు, 42 రోజుల తరువాత ఒకటే: 19వ శతాబ్దపు అమెరికా రాష్ట్ర చట్టసభల జీతాల లెక్క

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం 1848లో ఆమోదించుకున్న రాజ్యాంగంలో చట్టసభ సభ్యుల జీతం గురించి ఒక నిబంధన ఉంది. సమావేశం మొదలైన తొలి 42 రోజులకు సభ్యుడికి రోజుకు 2 డాలర్లు ఇస్తారు, ఆ తరువాత సభ ఎన్ని రోజులు సాగినా రోజుకు 1 డాలరే ఇస్తారు. రాజధానికి వచ్చి వెళ్లడానికి మైలుకు 10 సెంట్లు, ప్రతినిధుల సభ స్పీకరుకు రోజుకు మరో డాలరు. అదే రాజ్యాంగం గవర్నరు జీతాన్ని ఏడాదికి 1,500 డాలర్లని అంకెతో సహా రాసి, పెంచడానికి గానీ తగ్గించడానికి గానీ వీల్లేదని కట్టడి చేసింది. పౌరుల హక్కులను, ప్రభుత్వ అంగాల మధ్య అధికార విభజనను నిర్వచించవలసిన పత్రంలో కూలిపద్దు వంటి ఈ లెక్క ఎందుకు చేరిందో, అలా చేర్చినందువల్ల ఏం జరిగిందో తెలుసుకుంటే, ప్రజాప్రతినిధుల జీతాల మీద ఈనాటికీ తెగని వాదన ఎక్కడ మొదలైందో అర్థమవుతుంది.

మన రాజ్యాంగం ఈ విషయంలో వేరే దారి పట్టింది. 195వ అధికరణం రాష్ట్ర శాసనసభ్యుల జీతభత్యాలను సభే చట్టం ద్వారా నిర్ణయించుకోవచ్చని చెప్పి వదిలేసింది, అంకె రాయలేదు. అమెరికా రాష్ట్రాలు అంకె రాశాయి. ఆ అంకెను మార్చాలంటే రాజ్యాంగాన్ని సవరించాలి, అందుకు ప్రజల ఓటు కావాలి. ఒక తరం ముందు సరిపోయిన దినభత్యం తరువాతి తరానికి కూడా అదే అంకెలో గడ్డకట్టుకుపోవడానికి కారణం ఇదే.

ప్రతినిధికి డబ్బు ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్నపై అమెరికా రాష్ట్రాలు స్వాతంత్ర్యం నాడే ఒక నిర్ణయానికి వచ్చాయి. 1776 నాటి పెన్సిల్వేనియా రాజ్యాంగం, స్వతంత్రుడైన ప్రతి మనిషికీ బతకడానికి ఏదో ఒక వృత్తో వ్యాపారమో వ్యవసాయమో ఉండాలనీ, లాభసాటి పదవులను సృష్టించవలసిన అవసరం లేదనీ ఒకవైపు చెబుతూనే, ప్రజాసేవ కోసం సొంత పనికి నష్టం తెచ్చుకున్నవాడికి తగిన పరిహారం పొందే హక్కు ఉందని ఒప్పుకుంది. ఇక్కడ వాడిన భావన పరిహారమే తప్ప జీతం కాదు. పొలం వదిలి వచ్చిన రైతుకు ఆ రోజుల కూలి పోకుండా చూడడమే దాని ఉద్దేశం. మసాచుసెట్స్ 1780లో మరింత పొదుపైన పద్ధతి ఎంచుకుంది. ప్రతినిధుల సభ సభ్యుడికి ఒక సమావేశానికి ఒకసారి రాకపోకల ఖర్చు మాత్రమే రాష్ట్ర ఖజానా భరిస్తుంది, అదీ ఆయన వేళకు వచ్చి, అనుమతి లేకుండా వెళ్లిపోకుండా ఉంటేనే. దినభత్యం భారం ఆయనను పంపిన ఊరిపై పడేది. ఫలితంగా చిన్న ఊళ్లు ఖర్చుకు వెరచి ప్రతినిధిని పంపడమే మానుకునేవి. ప్రతినిధిని ఎన్నుకోని ఊరికి జరిమానా వేసే అధికారం సభకు ఉంటుందని ఆ రాజ్యాంగమే రాయవలసి వచ్చిందంటే, ఎవరు చెల్లిస్తారన్నది ఎంత పెద్ద ప్రశ్నో ఊహించవచ్చు.

ఈ దినభత్యం లేకపోతే చట్టసభకు రాలేని మనుషులు నిజంగానే ఉండేవారు. 1834లో ఇల్లినాయ్ ప్రతినిధుల సభకు ఎన్నికైన అబ్రహాం లింకన్ అప్పటికి న్యూ సేలం అనే చిన్న ఊళ్లో పోస్టుమాస్టరుగా, భూములు కొలిచే సర్వేయరుకు సహాయకుడిగా పని చేస్తున్న పాతికేళ్ల యువకుడు. అంతకుముందు పెట్టిన దుకాణం మునిగి అప్పులు మిగిలాయి. అప్పటి రాజధాని వాండేలియాకు వెళ్లే ముందు, సభలో కూర్చోవడానికి తగిన బట్టలు కుట్టించుకోవడం కోసం ఆయన ఒక పరిచయస్థుడి దగ్గర అప్పు చేశాడు. సభలో వచ్చింది రోజుకు 3 డాలర్లు. ఆ కాలంలో కాయకష్టం చేసే కూలికి రోజుకు సుమారు ఒక డాలరు దొరికేదనుకుంటే, ఈ మొత్తం ధనవంతుణ్ని ఆకర్షించేదీ కాదు, పేదవాణ్ని అడ్డుకునేదీ కాదు. బ్రిటన్‌లో ఎంపీలకు జీతం ఇవ్వాలని 1838లో కార్మికుల ఓటు హక్కు కోసం ఉద్యమించిన చార్టిస్టులు తమ ఆరు కోరికల్లో ఒకటిగా అడిగితే, అది నెరవేరింది 1911లో. అప్పటిదాకా ఆ పార్లమెంటులో కూర్చోవడానికి ఆస్తి గానీ, పోషించే పెద్దమనిషి గానీ ఉండవలసిందే. ఈ పోలికలో అమెరికా రాష్ట్రాల దినభత్యం ఎంత చిన్నదైనా గౌరవించదగిన విషయం.

మరి ఆ 3 డాలర్లు 14 ఏళ్లలో 2కు ఎందుకు దిగాయి? రెండు కారణాలు కలిసి వచ్చాయి. మొదటిది, తమ జీతాన్ని తామే పెంచుకునేవారి పట్ల అమెరికా ఓటరుకు ఉన్న తీవ్రమైన అనుమానం. 1816లో కేంద్ర కాంగ్రెస్ సభ్యులు తమ 6 డాలర్ల దినభత్యాన్ని ఏడాదికి 1,500 డాలర్ల జీతంగా మార్చుకున్నప్పుడు దేశమంతా భగ్గుమంది. తరువాతి ఎన్నికల తరువాత ప్రతినిధుల సభలో సుమారు మూడింట రెండు వంతుల మంది తిరిగి కనిపించలేదు. కొత్తవారు వచ్చేలోపే ఆ చట్టం రద్దయింది. ఆ పాఠాన్ని రాష్ట్రాలు మరచిపోలేదు. న్యూయార్క్ 1821 రాజ్యాంగం భత్యం రోజుకు 3 డాలర్లు మించకూడదని గీత గీసింది. రెండవ కారణం డబ్బు కొరత. 1830ల్లో కాలువలు, రైలుమార్గాలు కట్టడానికి రాష్ట్రాలు విచ్చలవిడిగా అప్పులు తెచ్చాయి. 1837 ఆర్థిక సంక్షోభం తరువాత ఇల్లినాయ్, మిషిగన్, ఇండియానా, పెన్సిల్వేనియా సహా ఎనిమిది రాష్ట్రాలు అప్పుల మీద వడ్డీ కట్టలేక చేతులెత్తేశాయి. ఆ అప్పులకు ఓటు వేసింది చట్టసభలే కనుక, తరువాతి పదిహేనేళ్లలో రాసిన రాజ్యాంగాల్లో చట్టసభ మీద కోపం స్పష్టంగా కనిపిస్తుంది. అప్పు చేసే అధికారాన్ని, సమావేశాల సంఖ్యను, సభ్యుడి భత్యాన్ని ఒకే చేత్తో కత్తిరించారు.

కత్తిరించిన తీరు రాష్ట్రానికో రకంగా ఉంది. న్యూయార్క్ 1846లో రోజుకు 3 డాలర్లు ఉంచి మొత్తం 300 దాటకూడదంది, అంటే వంద రోజుల పని. ఓరెగాన్ 1857లో అదే 3 డాలర్లకు 120 డాలర్ల పరిమితి పెట్టింది, అంటే నలభై రోజులు. రోడ్ ఐలండ్ రోజుకు ఒక్క డాలరుతో సరిపెట్టింది. మిషిగన్ 1850 రాజ్యాంగం అన్నిటికన్నా కఠినంగా, తొలి నలభై రోజులకు 3 డాలర్లు ఇచ్చి ఆ తరువాత ఏమీ లేదని చెప్పింది. అయితే ఉత్తరాన సరస్సుల అవతల ఉన్న అప్పర్ పెనిన్సులా నుంచి వచ్చే సభ్యులకు రోజుకు మరో 2 డాలర్ల వరకు అదనంగా ఇవ్వవచ్చని, దూరం తెలిసిన మనుషుల్లాగా ఒక మినహాయింపు రాసింది. వీటన్నిటికీ భిన్నంగా కాలిఫోర్నియా 1849లో సభ్యుడికి రోజుకు 16 డాలర్లు, ప్రయాణానికి ప్రతి 20 మైళ్లకు 16 డాలర్లు ప్రకటించింది. బంగారు గనుల వేటతో అక్కడ ధరలు ఆకాశాన్నంటుతున్న రోజులవి. పార చేతబట్టి గనికి వెళితే అంతకన్నా ఎక్కువ దొరకవచ్చన్న ఆశ ఉన్న చోట, 3 డాలర్లకు సభలో కూర్చునేవాడు దొరకడు.

రోజు లెక్కన జీతం ఇస్తే సభ సాగదీస్తారన్న భయంతోనే ఈ గడువులు పుట్టాయి. కానీ గడువు సభ్యుడి ఖర్చులను ఆపదు. భోజనం, బస, గుర్రం మేత నలభై మూడో రోజూ అంతే ఉంటాయి. అందువల్ల భత్యం తగ్గే రోజు దగ్గర పడేకొద్దీ బిల్లులు గుంపులుగా గట్టెక్కేవి. ఆ కాలపు చట్టసభ పనిలో అధిక భాగం ప్రైవేటు బిల్లులే. ఒక కంపెనీని నమోదు చేయాలన్నా, ఒక వంతెన మీద సుంకం వసూలు చేసుకోవాలన్నా, ఒక ఊరి సరిహద్దు మార్చాలన్నా ప్రత్యేక చట్టం చేయవలసిందే. ఇల్లినాయ్‌లో 1869 సమావేశం చేసిన ప్రైవేటు చట్టాలు నాలుగు సంపుటాలు నిండాయి. సభ్యుడు ఒక డాలరు మీద కూర్చుని ఇన్ని వందల బిల్లులు చదివి ఓటు వేశాడని నమ్మడం కష్టం. నీ ఊరి బిల్లుకు నేను, నా ఊరి బిల్లుకు నువ్వు అన్న ఒప్పందాలే వాటిని నడిపించాయి. తక్కువ జీతం పెడితే తక్కువ చట్టాలు వస్తాయన్న 1848 నాటి అంచనా ఇరవై ఏళ్లలోనే తలకిందులైంది.

సక్రమ మార్గం ఇరుకైనప్పుడు పక్కదారులు వెడల్పయ్యాయి. ప్రయాణ భత్యం వాటిలో మొదటిది. మైలుకు ఇంత అన్న లెక్క గుర్రం మీద, పడవ మీద ప్రయాణించే రోజుల్లో రాసినది. రైలు వచ్చాక ఖర్చు తగ్గింది, రేటు తగ్గలేదు. పైగా రైలు కంపెనీలు సభ్యులకు ఉచిత పాసులు ఇవ్వడం మొదలుపెట్టాక, ప్రయాణానికి పైసా ఖర్చు కాని మనిషికీ ఖజానా మైలేజీ చెల్లించింది. ఆ పాసు ఇచ్చిన కంపెనీ బిల్లు మీద ఆయనే ఓటు వేయాలి. పెన్సిల్వేనియా 1873లోనూ, కాలిఫోర్నియా 1879లోనూ, న్యూయార్క్ 1894లోనూ పాసులను నిషేధించే నిబంధనలను రాజ్యాంగాల్లోకి ఎక్కించాయంటే ఆ జబ్బు ఎంతగా ముదిరిందో తెలుస్తుంది. కాగితాలు, తపాలా బిళ్లలు, వార్తాపత్రికలు రెండవ దారి. సభ్యుడి భత్యం రాజ్యాంగంలో బిగుసుకుపోయినా, సభ అవసరాల పద్దు సభ చేతిలోనే ఉంది కదా! విస్కాన్సిన్ 1881 సవరణలో జీతం, మైలేజీ తప్ప కాగితాలు, పత్రికలు, తపాలా ఖర్చు, ఇతర ఏ లబ్ధీ సభ్యుడు రాష్ట్రం నుంచి పొందరాదని వస్తువుల పేర్లు చెప్పి మరీ రాశారు. ఇల్లినాయ్ 1870లో భత్యాన్ని 5 డాలర్లకు పెంచుతూ, తపాలా, కాగితం, పత్రికలు వంటి చిల్లర ఖర్చులన్నిటికీ కలిపి సమావేశానికి 50 డాలర్లని తేల్చింది. రెండో పద్ధతే నిజాయితీగా అనిపిస్తుంది. ఖర్చు ఉంటుందని ఒప్పుకుని దానికి హద్దు గీసింది.

మూడవ దారి లంచం. 1856లో విస్కాన్సిన్‌లో కేంద్రం రైలుమార్గాల కోసం ఇచ్చిన భూములను ఏ కంపెనీకి కట్టబెట్టాలన్న ప్రశ్న సభ ముందుకు వచ్చింది. లా క్రాస్, మిల్వాకీ రైలు కంపెనీ తన బాండ్లను సెనేటర్లకు 10,000 డాలర్ల చొప్పున, దిగువ సభ సభ్యులకు 5,000 డాలర్ల చొప్పున పంచింది. గవర్నరు కోల్స్ బాష్‌ఫర్డ్‌కు దక్కినవి 50,000 డాలర్ల విలువైనవి. 1858లో విచారణ సంఘం ఈ పంపకాన్ని బయటపెట్టింది. అప్పుడు విస్కాన్సిన్ సభ్యుడి భత్యం రోజుకు రెండున్నర డాలర్లు. 5,000 డాలర్లు సంపాదించాలంటే ఆయన 2,000 రోజులు సభలో కూర్చోవాలి. మంచి జీతం ఇచ్చి ఉంటే ఎవరూ అమ్ముడుపోయేవారు కాదని చెప్పడం సాధ్యం కాదు, ఎందుకంటే ఆ మొత్తానికి ఏ జీతమూ పోటీ రాదు. కానీ లక్షల డాలర్లు పలికే నిర్ణయాన్ని కూలి డబ్బుల మీద బతికే మనిషి చేతిలో పెట్టి, ఆయన పనిని పరిశీలించే ఏర్పాటు ఏదీ లేకుండా వదిలేయడం ఆ వ్యవస్థ చేసిన పెద్ద తప్పు.

సభ్యుల కన్నా సిబ్బంది విషయం చరిత్రలో తక్కువగా చర్చకు వచ్చింది. అయితే డబ్బు ఎక్కడ కారిపోయిందో చూడాలంటే అక్కడే చూడాలి. చట్టసభ నడవాలంటే కార్యదర్శి, ఆయన సహాయకులు, మార్షల్ వంటి సార్జెంట్ ఎట్ ఆర్మ్స్, తలుపు దగ్గరి జవాన్లు, కాగితాలు అందించే పేజీలనే కుర్రవాళ్లు, పొయ్యిలో కట్టెలు వేసేవారు, ప్రార్థన చేసే పాదిరీ ఉండాలి. వీరందరికన్నా ఎక్కువ శ్రమ పడింది నకలు గుమాస్తాలు. టైపు మిషన్ లేని రోజుల్లో బిల్లు మూడో పఠనానికి వచ్చే ముందు సవరణలన్నీ కలిపి శుభ్రంగా ఒక ప్రతి రాయాలి, రెండు సభలూ ఆమోదించాక గవర్నరు సంతకానికి మరో ప్రతి రాయాలి. ఒక అంకె తప్పు పడితే చట్టమే తప్పవుతుంది. సమావేశం చివరి వారంలో బిల్లులు వెల్లువెత్తినప్పుడు ఈ గుమాస్తాలు దీపాల వెలుగులో తెల్లవారే దాకా రాయవలసి వచ్చేది. ఈ పని అందమైన చేతిరాతను, ఓపికను కోరేది. స్త్రీలు రాష్ట్ర చట్టసభల ఉద్యోగాల్లోకి వచ్చిన తొలి దారుల్లో ఇదొకటి. 1870లో ఐయోవా ప్రతినిధుల సభ మేరీ స్పెన్సర్‌ను బిల్లుల ప్రతులు రాసే గుమాస్తాగా ఎన్నుకుంది. అప్పటికి ఐయోవాలో స్త్రీలకు ఓటు హక్కు లేదు.

ఈ సిబ్బందికీ దినభత్యమే. సమావేశం ముగిసిన రోజే ఉద్యోగం ముగుస్తుంది, తరువాతి సమావేశానికి మళ్లీ పిలుస్తారన్న హామీ లేదు. అన్ని ఉద్యోగాలకూ నియామకం సభ చేతిలోనే ఉండేది, అంటే గెలిచిన పార్టీ చేతిలో. సభ్యుడి జీతాన్ని రాజ్యాంగం బిగించగలిగింది గానీ, ఎందరు గుమాస్తాలు కావాలన్నది సభ మామూలు తీర్మానంతో తేల్చుకునేది. ఎన్నికల్లో పని చేసినవారికి, బంధువులకు, స్నేహితులకు ఇచ్చుకోవడానికి సభ్యుడి దగ్గర ఉన్నది ఇదొక్కటే. తనకు పెంచుకోలేని డబ్బును తన మనిషికి ఇప్పించుకోవచ్చు. సంవత్సరంలో ఒకసారి కూడా కూర్చోని కమిటీకి గుమాస్తా, అవసరానికి మించి జవాన్లు, సభలో కనిపించని ఉద్యోగులు ఈ విధంగానే పుట్టుకొచ్చారు. నష్టపోయింది ఖజానా ఒక్కటే కాదు. బిల్లు రాయడం తెలిసిన మనిషి, గత సమావేశంలో ఏం జరిగిందో గుర్తున్న మనిషి ప్రతి రెండేళ్లకూ మారిపోయాడు. కొత్తగా వచ్చిన సభ్యుడికి చేయి పట్టుకుని నడిపించేవారు లేకుండా పోయారు.

ఇక్కడ కూడా రాష్ట్రాలు రాజ్యాంగాన్నే ఆయుధంగా తీశాయి. పెన్సిల్వేనియా 1873 రాజ్యాంగం ప్రతి సభలో ఎందరు ఉద్యోగులు, వారి విధులేమిటి, జీతమెంత అన్నది ముందే చట్టంగా చేయాలనీ, ఆ చట్టం ప్రకారం నియమితుడై నిజంగా పని చేస్తున్నవాడికి తప్ప మరెవరికీ ఖజానా నుంచి చెల్లించరాదనీ నిర్దేశించింది. చేసిన పనికి తరువాత అదనపు బహుమతి ఇవ్వడాన్ని కట్టడి చేసింది. సభ వాడే కాగితం, కట్టెలు సైతం టెండరు పిలిచి తక్కువ ధరకు ఇచ్చేవాడి దగ్గరే కొనాలంది. కొలరాడో వంటి కొత్త రాష్ట్రాలు ఈ వాక్యాలను దాదాపు మక్కీకి మక్కీగా తీసుకున్నాయి. జార్జియా 1877లో మరో అడుగు వేసి, సెనేట్ గుమాస్తాల ఖర్చు రోజుకు 60 డాలర్లు, ప్రతినిధుల సభది 70 డాలర్లు దాటకూడదని అంకె వేసింది.

జార్జియా పేరు వచ్చింది కనుక దక్షిణాది సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ పొదుపు వెనుక మరో ఉద్దేశం ఉంది. అంతర్యుద్ధం తరువాత బానిసత్వం నుంచి విముక్తులైన నల్లజాతివారు మొదటిసారి చట్టసభల్లోకి వచ్చారు. దక్షిణ కరొలైనాలో 1868లో ప్రతినిధుల సభలో వారిదే మెజారిటీ. వీరిలో చాలామందికి భూమి లేదు, ఇంటి దగ్గర పని చేసిపెట్టే మనుషులు లేరు. దినభత్యమే ఆధారం. ఈ సభల ఖర్చును దుబారా అని ఎత్తిచూపుతూ పాత భూస్వామ్య వర్గం అధికారంలోకి తిరిగి వచ్చింది, వచ్చాక రాసిన రాజ్యాంగాల్లో భత్యాలనూ సమావేశాల రోజులనూ కోసేసింది. టెక్సస్‌లో 8 డాలర్లున్న దినభత్యం 1876లో తొలి 60 రోజులకు 5, తరువాత 2 డాలర్లకు దిగింది. అలబామా, జార్జియా 4 డాలర్ల దగ్గర ఆగాయి. జార్జియాలో 1877 రాజ్యాంగ సభకు కేటాయించిన డబ్బు మధ్యలోనే అయిపోతే, ఆ సభలో ప్రముఖ పాత్ర వహించిన భూస్వామి రాబర్ట్ టూంబ్స్ తన సొంత డబ్బు అప్పుగా ఇచ్చి దాన్ని నడిపించాడు. ప్రజాప్రతినిధి భత్యాన్ని 4 డాలర్లకు మించకుండా చేసిన సభ, ఒక ధనికుడి జేబు మీద ఆధారపడి పని ముగించింది. ప్రతినిధుల జీతాన్ని తగ్గిస్తే సభలో ఎవరు మిగులుతారో చూపించడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు. దుబారా ఆరోపణలన్నీ అబద్ధమని కాదు, అవినీతి జరిగింది. అయితే అదే కాలంలో ఉత్తరాది సభల్లోనూ జరిగింది, అక్కడ ఎవరి ఓటు హక్కూ దాని పేరుతో పోలేదు.

ఉత్తరాదిలో శతాబ్దం చివరికి వచ్చేసరికి రోజు లెక్క వదిలి జీతం వైపు మొగ్గిన రాష్ట్రాలు కొన్ని కనిపిస్తాయి. విస్కాన్సిన్ 1867లో ఏడాదికి 350 డాలర్లు, 1881లో రెండేళ్లకొకసారి జరిగే సమావేశానికి 500 డాలర్లు పెట్టింది. న్యూయార్క్ 1874 సవరణతో ఏడాదికి 1,500 డాలర్లకు వెళ్లింది. 1882 జనవరిలో 23 ఏళ్ల వయసులో న్యూయార్క్ రాజధాని ఆల్బనీలోని సభలో అడుగుపెట్టిన, తరువాత దేశాధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్ట్ అందుకున్నది ఆ జీతమే. ఆయనకు తండ్రి ఇచ్చిన ఆస్తి ఉంది కనుక జీతంతో నిమిత్తం లేదు. తోటి సభ్యుల్లో బహుశా మూడో వంతు మంది అవినీతిపరులని ఆయన తరువాతి కాలంలో రాశాడు. జీతం పెరగడంతోనే సభ బాగుపడలేదు. కానీ 3 డాలర్ల రోజుల్లో సభకు రాలేని గుమాస్తాలు, కార్మికులు వచ్చే వీలు అప్పుడే కలిగింది. న్యూ హాంప్‌షైర్ మాత్రం 1889లో సభ్యుడికి రెండేళ్ల పదవీకాలానికి 200 డాలర్లని రాజ్యాంగంలో రాసుకుని అక్కడే నిలిచిపోయింది. 400 మంది ఉన్న ఆ రాష్ట్ర దిగువ సభలో నేటికీ జీతం అదే, ఏడాదికి 100 డాలర్లు. ఉద్యోగం చేసుకునే వయసులో ఉన్నవారికి అది ఎంత కష్టమో వివరించనక్కరలేదు.

సిబ్బంది విషయంలో మార్పు ఇంకా ఆలస్యంగా వచ్చింది. కేంద్రంలో సెనేటర్లకు 1884లో సొంత గుమాస్తాను పెట్టుకోవడానికి రోజుకు 6 డాలర్లు, ప్రతినిధుల సభ సభ్యులకు 1893లో నెలకు 100 డాలర్లు మంజూరయ్యాయి, అదీ సమావేశ కాలానికి మాత్రమే. రాష్ట్రాల్లో మామూలు సభ్యుడికి ఆ సాయం కూడా లేదు. ఆయన ఉత్తరాలు ఆయనే రాసుకున్నాడు, బిల్లు ముసాయిదా కావాలంటే తెలిసిన న్యాయవాదిని బతిమాలుకున్నాడు. లేదా ఆ బిల్లు వల్ల లాభపడే కంపెనీ న్యాయవాది ముందే రాసి తెచ్చిన కాగితాన్ని సభలో ప్రవేశపెట్టాడు. చివరికి 1901లో విస్కాన్సిన్ రాజధాని మాడిసన్‌లో, చార్లెస్ మెక్‌కార్తీ అనే యువ పరిశోధకుడి చేతిలో సభ్యుల కోసం ఒక చిన్న సమాచార గ్రంథాలయం మొదలైంది. ఏ పార్టీ సభ్యుడు వచ్చి అడిగినా, ఇతర రాష్ట్రాలు, ఇతర దేశాలు అదే సమస్య మీద ఏ చట్టం చేశాయో వెతికి ఇవ్వడం, ఆయన కోరిన బిల్లును చట్టం భాషలో రాసిపెట్టడం అక్కడి పని.